‘లైవ్’ అంటే ఎంత లైవ్? కోచెల్లా, గ్లాస్టన్‌బరీ ప్రదర్శనలపై తీర్పులు ఎందుకు కలవవు

ఏటా ఏప్రిల్ నడిమి రెండు వారాంతాల్లో ఒక వాదన క్రమం తప్పకుండా మన ఫోన్లలోకి వచ్చి చేరుతుంది. కాలిఫోర్నియాలో శుక్రవారం రాత్రి పదకొండు గంటలంటే మనకు శనివారం ఉదయం పదకొండున్నర. అక్కడ ఇండియో పట్టణంలోని పోలో మైదానంలో జరిగే కోచెల్లా సంగీత పండుగలో ఒక గాయని వేదిక దిగేలోపే, ఆమె పాటలోంచి తెంపిన ముప్ఫై సెకన్ల ముక్క ఇక్కడ చేతులు మారుతుంటుంది. గొంతే పలకలేదని ఒకరంటారు. అసలు పాడనే లేదు, పెదవులు మాత్రమే కదిపిందని మరొకరంటారు. మైదానంలో నిలబడి విన్నాం, అద్భుతంగా ఉందని ఇంకొకరు గట్టిగా చెబుతారు. ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పకపోయి ఉండవచ్చు. ప్రదర్శన ఒకటే అయినా వాళ్ల చెవులకు చేరిన శబ్దం ఒకటి కాదు, ‘బాగుంది’ అనడానికి వాళ్లు పెట్టుకున్న కొలమానమూ ఒకటి కాదు. వాదన ఎక్కడ చిక్కుపడుతోందో తెలియాలంటే ఈ రెండు తేడాలనూ విడివిడిగా చూడాలి.

సొంత కచేరీ వేరు, పండుగ వేదిక వేరు

కోచెల్లా 1999 అక్టోబరులో మొదలైంది. ఒకే కార్యక్రమాన్ని వరుసగా రెండు వారాంతాల్లో జరపడం 2012 నుంచి ఆనవాయితీ. యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం అంతకు ఏడాది ముందే వచ్చింది. ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ పండుగ అంతకంటే చాలా పాతది. 1970లో సోమర్సెట్ ప్రాంతపు పిల్టన్ గ్రామంలో మైకేల్ ఈవిస్ అనే పాడిరైతు తన పొలంలో మొదలుపెట్టిన ఆ పండుగ ఇప్పటికీ ఆ పొలంలోనే జరుగుతోంది, దాన్ని బీబీసీ దేశమంతటికీ చూపిస్తోంది. ఒక కళాకారుడికి కేటాయించిన సమయాన్నీ, అందులో ఆయన పాడే పాటల వరుసనూ కలిపి ‘సెట్’ అంటారు. ఆ రోజుకు ప్రధాన ఆకర్షణగా, సాధారణంగా చివర్లో వేదికెక్కేవారిని ‘హెడ్‌లైనర్’ అంటారు.

గాయకులు సొంత పర్యటనలో పాడేటప్పుడు వేదిక వాళ్లది, స్పీకర్ల అమరిక వాళ్లది, టికెట్టు కొన్న ప్రతి ఒక్కరూ వాళ్లకోసం వచ్చినవాళ్లే. పండుగలో ఇవేవీ వాళ్ల చేతిలో ఉండవు. ఒకే వేదిక మీద పొద్దున్నుంచీ నాలుగైదు బృందాలు మారుతుంటాయి. ఒక బృందం సామాను దించి మరొక బృందం సామాను ఎక్కించే కాస్త వ్యవధిలో శబ్దాన్ని పూర్తిగా సరిచూసుకునే వీలుండదు. అందుకే సౌండ్ ఇంజినీర్లు మొదటి ఒకటి రెండు పాటలు నడుస్తుండగానే, జనం వింటుండగానే, గొంతునూ డ్రమ్ములనూ గిటార్లనూ ఒక సమతూకానికి తెచ్చుకుంటారు. మొదటి పాటలోంచి తెంపిన ముక్కను చూసి మొత్తం ప్రదర్శన మీద తీర్పు చెప్పడమంటే, పొయ్యి మీద పులుసు ఇంకా మరగకముందే రుచి చూసి పేరు పెట్టడం లాంటిది.

పూర్తిగా పాడటానికీ, పెదవులు కదపడానికీ మధ్య ఎన్ని మెట్లు

‘లైవ్‌గా పాడారా, లేదా?’ అని అడిగేటప్పుడు మనం సాధారణంగా రెండే జవాబులుంటాయనుకుంటాం. నిజానికి ఈ రెండు కొసల మధ్య చాలా మెట్లున్నాయి.

ఒక కొసన ప్రతి శబ్దమూ జనం ముందే పుట్టే ప్రదర్శన ఉంటుంది. దాని తరువాతి మెట్టులో, ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ మీద గాయకుడు పాడతాడు. మన ఊళ్లలో కరోకే పెట్టుకుని పాడేవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. ఆపై మెట్టులో కోరస్ గొంతులు కూడా ట్రాక్‌లోనే ఉంటాయి. ఇంకో మెట్టులో గాయని సొంత గొంతే రికార్డు రూపంలో తక్కువ స్థాయిలో వెనక వినిపిస్తుంటుంది, ఆమె దాని మీదుగా పాడుతుంది, నృత్యం ఉధృతమైన చోట ఊపిరి అందకపోతే వెనక గొంతు ఆ ఖాళీని కప్పుతుంది. వీటిలో దేనికైనా శ్రుతిని అక్కడికక్కడే సవరించే సాఫ్ట్‌వేర్ తోడు కావచ్చు. చిట్టచివరి మెట్టు లిప్ సింక్, అంటే మైకు పనిచేయకుండా మొత్తం రికార్డే వినిపించడం. సామాజిక మాధ్యమాల్లో ‘లిప్ సింక్’ అని ముద్రపడే ప్రదర్శనల్లో చాలా భాగం మధ్య మెట్లకు చెందినవేనని నా అంచనా.

ఈ గందరగోళానికి చక్కని ఉదాహరణ 2017లో దొరికింది. ఆ ఏడు జూన్‌లో ఎడ్ షీరన్ గ్లాస్టన్‌బరీ ప్రధాన వేదిక మీద ఒంటరిగా, ఒక గిటారుతో పాడారు. పాటలో మాత్రం నలుగురు వాయిస్తున్నంత నిండుదనం వినిపించింది. ట్రాక్ పెట్టుకుని పాడాడని కొందరు ప్రేక్షకులు నింద వేశారు. అది లూప్ స్టేషన్ అనీ, తెలియనివాళ్లు గూగుల్‌లో వెతుక్కోవచ్చనీ ఆయన ట్విట్టర్‌లో జవాబిచ్చారు. లూప్ స్టేషన్ అంటే కాళ్ల దగ్గర పెట్టుకునే ఒక రికార్డింగ్ పరికరం. గిటారు చెక్క మీద అరచేత్తో దరువు వేసి, మీట నొక్కితే ఆ దరువు తిరిగి తిరిగి మోగుతుంది. దాని మీద తీగల వరుసను, దాని మీద ఒక హమ్మింగ్‌ను చేర్చుకుంటూ పోతే, చివరకు పాట పల్లవి వచ్చేసరికి వెనక ఒక బృందమే నిలబడినట్టవుతుంది. 2025 ఫిబ్రవరి 2న హైదరాబాద్ శివారులోని రామోజీ ఫిల్మ్ సిటీలో ఆయన పాడినప్పుడు, మొదటి దరువు నుంచి గమనించిన తెలుగువారికి ఈ నిర్మాణం కళ్లముందే కనిపించింది. పాట మధ్యలోంచి తెంపిన వీడియో చూసినవారికి మాత్రం అది ట్రాక్‌లాగానే అనిపిస్తుంది. రికార్డయిన శబ్దమే, కానీ నిమిషం క్రితం అదే వేదిక మీద పుట్టిన శబ్దం.

ఏది న్యాయమైన లైవ్ అనే విషయంలో సంప్రదాయాలు కూడా ఒకదానితో ఒకటి ఏకీభవించవు. రాక్ సంగీతం విని పెరిగినవారికి వాద్యాలు ఎదుటే మోగకపోతే వెలితి. యూరోవిజన్ పాటల పోటీలో సరిగ్గా దీనికి తిరగేసిన నియమం ఉంది. అక్కడ వాద్యాలన్నీ ట్రాక్‌లోంచే రావాలి, ప్రధాన గాత్రం మాత్రం తప్పనిసరిగా అక్కడికక్కడే పాడాలి. 2021 నుంచి వెనక గొంతులు కూడా రికార్డులోంచి రావచ్చునని సడలించారు. ట్రాక్ మీద గిటారు పట్టుకుని నటించడం ఒకచోట మోసం, మరొకచోట నియమం.

మైదానంలో విన్న పాట, ఫోన్‌లో విన్న పాట

ప్రత్యక్ష ప్రసారంలో మనం వినేది మైదానంలోని స్పీకర్ల శబ్దం కాదు. వేదిక మీది మైకుల నుంచి వచ్చే సంకేతాలను రెండుగా చీల్చి, ఒక పాయను మైదానానికీ, మరొక పాయను ప్రసారానికీ పంపుతారు. ప్రసారపు పాయను వేరే ఇంజినీరు, వేరే గదిలో లేదా వాహనంలో కూర్చుని మిక్స్ చేస్తారు. మైదానంలో డ్రమ్ముల అదురు గుండెల్లో మోగుతూ గొంతులోని చిన్నచిన్న జారుళ్లను కప్పేస్తుంది. ప్రసారంలో ఆ అదురు ఉండదు, గొంతు మాత్రం చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. అందుచేత అరస్వరం కిందికి జారితే ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి వెంటనే తెలుస్తుంది, మైదానంలో నిలబడ్డవాడికి తెలియకపోవచ్చు. మైదానంలో గాలి వాటుకు పాట విరిగి విరిగి వినిపిస్తున్న సమయంలోనే, ప్రసారం చూస్తున్నవాడికి అంతా తేటగా వినిపించడమూ జరుగుతుంది.

పెదవుల కదలిక మీద వచ్చే ఆరోపణలకు ఒక చిన్న లెక్క అవసరం. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 150 మీటర్ల దూరంలో నిలబడి, పెద్ద తెర మీద గాయని ముఖాన్ని జూమ్ చేసి వీడియో తీస్తున్న వ్యక్తిని ఊహించండి. తెర మీది బొమ్మ కంటికి తక్షణమే చేరుతుంది. గొంతు చేరడానికి 150ని 340తో భాగించినంత, అంటే దాదాపు 0.44 సెకను పడుతుంది. నిమిషానికి 120 దరువులుండే పాటలో ఒక దరువుకూ మరొక దరువుకూ మధ్య ఉండేది అర సెకను. కాబట్టి ఆ వీడియోలో పెదవులు దాదాపు ఒక దరువు ముందే కదులుతుంటాయి. వెనక ఉన్నవారికి వినబడాలని మైదానం మధ్యలో నిలబెట్టే స్పీకర్ స్తంభాలు కూడా దీన్ని సరిచేయవు. వేదిక నుంచి వచ్చే శబ్దంతో కలవడానికి వాటి శబ్దాన్ని కావాలనే అంత ఆలస్యం చేస్తారు, అందుకే వాటిని డిలే టవర్లంటారు. పాట మొదటి నుంచి చివరి దాకా నిజంగా పాడినా ఆ వీడియోలో అది పెదవులు కలవని పాటే.

ప్రదర్శన ఇచ్చేవారు వినేది ఈ రెండూ కాక మూడో శబ్దం. వాళ్ల చెవుల్లోని మానిటర్లలో, లేదా కాళ్ల ముందుండే స్పీకర్లలో వాళ్ల గొంతు వాళ్లకు తిరిగి వినిపించకపోతే శ్రుతి పట్టుకోవడం కష్టం. 1997 జూన్ 28 రాత్రి గ్లాస్టన్‌బరీలో రేడియోహెడ్ బృందానికి మానిటర్లు మొరాయించాయి. ముఖంలోకి కొడుతున్న లైట్ల వల్ల గాయకుడు టామ్ యార్క్‌కు ఎదుట చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. తన పాట తనకు వినబడక, వినేవాళ్లు తనకు కనబడక, ఆయన వేదిక దిగి వెళ్లిపోయేంతవరకూ వచ్చింది. లైట్లు జనం మీదికి తిప్పమని ఆయన కోరారు. తిప్పగానే, వానకు నాని బురదలో నిలబడిన వేల ముఖాలు కనిపించాయి, సెట్ కొనసాగింది. బృందానికి ఆ రాత్రి పీడకల. విమర్శకులు మాత్రం దాన్ని గ్లాస్టన్‌బరీ చరిత్రలోని అత్యుత్తమ ప్రదర్శనల్లో ఒకటిగా ఈనాటికీ చెబుతారు. పాడినవాడి తీర్పును, విన్నవాడి తీర్పును ఒకదానితో ఒకటి కొట్టివేయడానికి వీల్లేదని ఇంతకంటే స్పష్టంగా చూపే సందర్భం నాకు తెలియదు.

రెండు వారాంతాలు ఇచ్చే అరుదైన సాక్ష్యం

ఒక ప్రదర్శనలోని లోపం గాయకుడిదా, పరికరాలదా, ఆ రాత్రిదా అని తేల్చడానికి మామూలుగా దారి ఉండదు. కోచెల్లాలో ఉంటుంది. దాదాపు అదే సెట్‌ను అదే వేదిక మీద వారం తేడాతో రెండుసార్లు చేస్తారు కనుక, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు.

2018 ఏప్రిల్ 14న, మళ్లీ 21న బియాన్సే చేసిన ప్రదర్శన ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. గర్భవతి కావడంతో 2017 నుంచి వాయిదా వేసుకున్న ఆ సెట్‌తో, కోచెల్లాకు హెడ్‌లైనర్‌గా నిలిచిన మొదటి నల్లజాతి మహిళ ఆమె అయ్యారు. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన అమెరికా కళాశాలల కవాతు బ్యాండ్ల తీరులో, వందకు పైగా కళాకారులతో వేదికను నింపారు. మొదటి వారం దుస్తులు పసుపు, రెండో వారం గులాబీ. 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘హోమ్‌కమింగ్’ చిత్రంలో ఒకే పాట నడుస్తుండగా దృశ్యం పసుపులోంచి గులాబీలోకి, మళ్లీ పసుపులోకి మారుతుంది. ఒక అడుగు ఎత్తడం ఒక వారంలో, దించడం మరో వారంలో జరిగినా చేతి కోణం సహా ఎక్కడా తేడా రాదు. ఆ నిర్దుష్టతను చూసి ముగ్ధులయ్యేవారున్నారు. ఇంత కచ్చితంగా ముందే కూర్చినదాంట్లో ఆ క్షణానికి పుట్టినదేముందని అడిగేవారూ ఉన్నారు. రాగాలాపనలో, కల్పనస్వరంలో విద్వాంసుడి మనోధర్మాన్ని వెతికే అలవాటున్న శ్రోతకు ఈ రెండో ప్రశ్న సహజంగానే తోస్తుంది. కానీ అది గాయని సామర్థ్యం మీది ప్రశ్న కాదు, ప్రదర్శన తరహా మీది ప్రశ్న. నాటకాన్ని చూసి సంభాషణలు ముందే రాసుకున్నారని ఎవరూ నిందించరు కదా.

ఈ పోలిక గొంతు విషయంలోనూ పనికొస్తుంది. రెండు వారాల్లోనూ ప్రతి గమకమూ, ప్రతి ఊపిరీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేచోట పడితే అది రికార్డు అయ్యే అవకాశం బాగా ఎక్కువ. ఒకచోట స్వరం కాస్త ముందు, మరోచోట వెనక పడితే, పరుగు తరువాతి పదం తెగితే, మైకు దూరం జరిగినప్పుడు శబ్దం పలచబడితే అక్కడ మనిషి పాడుతున్నాడని అర్థం. విచిత్రమేమిటంటే, ఈ నిజాయితీ గుర్తులనే మరొకరు లోపాలుగా లెక్కపెడతారు. 2024లో దక్షిణ కొరియా బృందం లె సెరాఫిమ్‌కు జరిగిందదే. 2022 మేలో రంగప్రవేశం చేసిన ఆ అయిదుగురు అమ్మాయిలు, ఉధృతమైన నృత్యంతో నలభై నిమిషాల సెట్ చేశారు. మొదటి వారం గొంతులు నిలకడగా లేవని స్వదేశంలోనే తీవ్ర విమర్శ వచ్చింది. రికార్డు మీద ఆధారపడితే మోసమంటారు, ఆధారపడకపోతే పాడలేరంటారు. విమర్శ తప్పని నేననను. శ్రుతి తప్పడం వినబడింది. అయితే అదే నృత్యం చేస్తూ నిలకడగా పాడినవారితో పోల్చాలి గాని, నిలబడి పాడినవారి రికార్డుతో కాదు.

అదే ఏడు కెనడా గాయని గ్రైమ్స్ చేసిన డీజే సెట్ మరో రకం. మొదటి వారం పాటల వేగాలు పరికరంలో తప్పుగా నమోదై, ఒక పాటను మరొకదానితో కలపలేక ఆమె జనం ముందే తడబడి క్షమాపణ చెప్పారు. ఈసారి ముఖ్యమైన పనులను వేరేవారికి అప్పగించడమే పొరపాటైందని తరువాత రాశారు. రెండో వారం సెట్ సాఫీగా నడిచింది. రెండో వారమే లేకపోయి ఉంటే ‘ఆమెకు డీజే పని రాదు’ అన్న మాటకు జవాబు మిగిలేది కాదు.

అనుకున్నది రానప్పుడు: ఫ్రాంక్ ఓషన్, 2023

2023 ఏప్రిల్ 16, ఆదివారం రాత్రి. దాదాపు ఆరేళ్లుగా బహిరంగ వేదిక ఎక్కని అమెరికా గాయకుడు ఫ్రాంక్ ఓషన్ కోసం జనం ఎదురుచూస్తున్నారు. ఆయన సుమారు గంట ఆలస్యంగా వచ్చారు. ప్రసారం కాదని చివరి గంటల్లో తెలిసింది. తన తమ్ముడితో కలిసి ఇదే పండుగకు వచ్చిన రోజులను ఆయన వేదిక మీద తలుచుకున్నారు. ఆ తమ్ముడు 2020లో కారు ప్రమాదంలో చనిపోయాడు. పాటలను రికార్డులో ఉన్నట్టు కాక మార్చి పాడారు. గడువు దాటిపోయిందంటూ సెట్ అర్ధంతరంగా ముగిసింది. కాలి గాయం వల్ల ముందనుకున్న ప్రదర్శనను మార్చుకోవాల్సి వచ్చిందని తరువాత తెలిసింది. రెండో వారం ఆయన తప్పుకున్నారు.

దూరం నుంచి టికెట్టుకూ ప్రయాణానికీ డబ్బు పెట్టి వచ్చినవారి కోపంలో న్యాయం ఉంది. పండుగలో గంట ఆలస్యమంటే గంట పాటలు పోవడమే, ఎందుకంటే పట్టణం విధించిన గడువు ఎవరికోసమూ జరగదు. మరోవైపు, దుఃఖంలో ఉన్న ఒక కళాకారుడు తన పాటలను విప్పి తిరిగి అల్లుతుంటే చూశామని, అది తమకు జీవితాంతం గుర్తుంటుందని చెప్పినవారి మాటలోనూ నిజం ఉంది. మొదటివారు కొలిచింది మాట నిలబెట్టుకోవడాన్ని, రెండోవారు కొలిచింది పాటలోని భావాన్ని. నా మట్టుకు, ఆలస్యానికి వచ్చిన విమర్శను పాటల కూర్పు మీదికి నెట్టడం అన్యాయమనిపిస్తుంది. అలాగే కూర్పు గొప్పదని చెప్పి ఆలస్యాన్ని మాఫీ చేయడమూ కుదరదు.

జనం కేకలు దేనికి సాక్ష్యం?

తెలుగు పద్యనాటకం చూసి పెరిగినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. పద్యం చివర రాగం అందుకోగానే చివరి వరుసల్లోంచి ‘వన్స్ మోర్’ లేచేది, నటుడు కథను ఆపి పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు. గాయకుడు గెలిచాడని ఒకరు, నాటకం ఓడిందని మరొకరు తగువుపడేవారు. ఒకే కేకకు రెండర్థాలన్నమాట.

పండుగల్లో ఆ కేక లేకపోవడానికి కూడా పలు అర్థాలుంటాయి. 2024 కోచెల్లాలో బ్లర్ బృందం గాయకుడు డేమన్ ఆల్బర్న్ జనాన్ని గొంతు కలపమని అడిగితే స్పందన అంతంతమాత్రంగానే వచ్చింది, ఇక మమ్మల్ని మళ్లీ చూడరని ఆయన విసుక్కున్నారు. 1990ల బ్రిటన్ కుర్రకారు నోట నానిన పాట అది. ఎదుట నిలబడ్డవారిలో చాలామంది మరో దేశపు మరో తరంవారు. అక్కడి మౌనం పాట నాణ్యత గురించి చెప్పేది తక్కువ.

దీనికి వ్యతిరేకమైన కొస 2023 జూన్ 24న గ్లాస్టన్‌బరీలో కనిపించింది. కండరాలు అదుపు లేకుండా అదిరే టూరెట్ సిండ్రోమ్ ఉన్న గాయకుడు లూయిస్ కపాల్డీకి పాడుతుండగా భుజం, మెడ అదిరాయి, గొంతు సహకరించలేదు. చివరి పాటలో ఆయన ఆగినచోటల్లా మైదానం మొత్తం పాటను అందుకుంది. గాత్రం ఒక్కటే కొలిస్తే అది విఫల ప్రదర్శన. ఆ సాయంత్రం అక్కడ జరిగినదాన్ని కొలిస్తే దానికి సాటివచ్చేవి కొన్నే. ఆయన తరువాత పర్యటనలు మానుకుని, 2025లో ముందస్తు ప్రకటన లేకుండా అదే వేదికకు తిరిగి వచ్చారు.

నిజంగానే మార్కులు వేస్తే

కొలమానాలు రాసిపెట్టుకుని మార్కులు వేస్తే ఈ తగువు తీరుతుందా? యూరోవిజన్‌లో సంగీతరంగ నిపుణుల జ్యూరీలు పాట కూర్పును, వేదిక మీది ప్రదర్శనను, గాత్ర సామర్థ్యాన్ని, మొత్తం మీద కలిగిన ముద్రను చూసి మార్కులిస్తాయి. ప్రేక్షకులు విడిగా ఓటేస్తారు. 2023 మేలో లివర్‌పూల్‌లో జరిగిన ఫైనల్లో స్వీడన్ గాయని లోరీన్‌కు జ్యూరీల నుంచి 340, ప్రేక్షకుల నుంచి 243 పాయింట్లు వచ్చాయి. ఫిన్లండ్ గాయకుడు కారియాకు జ్యూరీలు 150 ఇస్తే ప్రేక్షకులు 376 ఇచ్చారు. మొత్తం 583తో లోరీన్ గెలిచారు, 526తో కారియా రెండోస్థానంలో నిలిచారు. ప్రేక్షకుల లెక్క ఒక్కటే తీసుకుంటే ఫలితం తారుమారయ్యేది. రాసుకున్న కొలమానాల వల్ల తేడా పోలేదు, తేడా ఎక్కడుందో అంకెల్లో కనిపించింది, అంతే.

కోచెల్లాలో అలాంటి పట్టిక లేదు కనుక ముక్కలు చూసే మనమే దేనికి ఏది సాక్ష్యమో విడదీసుకోవాలి. 2025లో రెండో వారాంతం శుక్రవారం లేడీ గాగా సెట్ ఆరంభంలో తలకు తగిలించుకున్న మైకు మొరాయించింది. గొంతు తెగి తెగి వినిపించింది, వాద్యాలూ నృత్యమూ మాత్రం ఆగలేదు. చేతి మైకు అందగానే పాట మళ్లీ నిండింది. కాసేపయ్యాక ఆమె ప్రేక్షకులకు క్షమాపణ చెబుతూ, నేను నిజంగానే పాడుతున్నానని కనీసం మీకిప్పుడు తెలిసిందిగా అన్నారు. మైకుతో పాటు గొంతూ ఆగిన ఆ కొద్ది క్షణాల వీడియో, ఆమె పాడుతోందా లేదా అన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు. ఎంత బాగా పాడిందన్న ప్రశ్నకు మాత్రం ఆ క్షణాల్లో జవాబు లేదు. దానికి ఆ సెట్ మొత్తం కూర్చుని వినాలి.